సంతృప్తి ఉపసంహరణ పత్రం

మా జిల్లాలో ఏ సమస్యకైనా ఆయుష్షు ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాత అది సమస్య కాదు. ఈ మేరకు ఉత్తర్వు ఉంది.

ఉత్తర్వును అమలు చేయడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అర్జీ వచ్చిన రోజు ఆ ఫైలు తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. అధికారి వెళ్లి చూసి, ఫొటో తీసి, రెండు ముక్కలు రాస్తే పచ్చగా మారుతుంది. వీధిలో గుంత పడిందని అర్జీ ఇచ్చిన మనిషికి ఇరవై ఒకటో రోజున 'మీ సమస్య పరిష్కరించబడినది' అని సందేశం వస్తుంది. అతను ఆ సందేశం చదువుకుంటూ నడిస్తే గుంతలో పడతాడు. కానీ అది కొత్త అర్జీ.

ఈ పని చూసే అధికారి పట్నాల విశ్వంభరరావు. హోదా: జిల్లా సత్వర పరిష్కారాల అధికారి. రెండేళ్లలో ఆయన జిల్లాను పదకొండో స్థానం నుంచి రెండో స్థానానికి తెచ్చారు. మొదటి స్థానం పక్క జిల్లాది.

ఫిబ్రవరిలో ఆయన పైకి ఒక ప్రతిపాదన పంపారు. ఆసుపత్రి పరీక్షల ఫలితాలను కూడా అర్జీల వేదికలో కలపాలన్నది దాని సారాంశం. 'రోగము కూడా ఒక సమస్యయే' అన్నది అందులో మొదటి వాక్యం. పది రోజుల్లో ఆమోదం వచ్చింది.

మార్చిలో రొమ్ము పరీక్షల వ్యాను జీడిపప్పు బట్టీలున్న మండలాల్లో తిరిగింది. నలభై దాటిన ఆడవాళ్లు 4,112 మందికి ఎక్స్‌రే బొమ్మలు తీసింది. బొమ్మలో తేడా కనిపించిన వాళ్లను జిల్లా ఆసుపత్రికి పిలిపించారు. పిలుపు అందుకున్న వాళ్లలో బమ్మిడి దమయంతి ఒకరు.

దమయంతికి నలభై ఏడేళ్లు. బట్టీ షెడ్డులో జీడిపప్పు ఏరుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఏప్రిల్ 9న, సోమవారం, ఆసుపత్రిలో ఆమెకు ఇంకో రెండు బొమ్మలు తీసి, స్కానింగ్ చేశారు. ఆ తర్వాత డాక్టర్ పేరి వైదేహి ఆమెను కూర్చోబెట్టి కాగితం చూపించారు.

"క్యాన్సరేటమ్మా?" అంది దమయంతి.

"బహుశా కాదు."

"బహుశా అంటే?"

"ఎడమవైపు చిన్న గడ్డ ఉంది. తొమ్మిది మిల్లీమీటర్లు. అంచులు నున్నగా ఉన్నాయి. ఇలాంటివి నూరు చూస్తే తొంభై ఎనిమిదికి పైగా ఏ హానీ చేయవు. అందుకని ఇప్పుడు సూది గుచ్చడం లేదు, కోయడం లేదు. ఆరు నెలలకు మళ్లీ చూస్తాం. అలాగే ఉంటే ఇంకో ఆరు నెలలకు, ఆ తర్వాత ఇంకో ఏడాదికి. రెండేళ్లు మారకుండా ఉంటే వదిలేస్తాం."

"మారితే?"

"అప్పుడు సూదితో కాస్త ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ముందుగా పట్టుకుంటే వైద్యం తేలిక. ఈలోగా గడ్డ పెరిగినట్టు అనిపించినా, చర్మం లోపలికి లాగినా, రక్తం లాంటిది కారినా తేదీ కోసం ఆగొద్దు. వెంటనే రావాలి."



"మా బట్టీ కాడ కూడా అంతేనమ్మా. కొన్ని అప్పుడే తెల్దు" అంది దమయంతి.

డాక్టర్ ఒక కార్డు మీద 'అక్టోబరు 9' అని రాసి ఇచ్చారు. దమయంతి దాన్ని ఆధార్ కార్డు పెట్టుకునే కవరులో పెట్టుకుంది.

అలాంటి కార్డులు మొత్తం 311 మందికి అందాయి.

ఆ సాయంత్రానికి విశ్వంభరరావు తెర మీద 311 ఎర్ర చుక్కలు కనిపించాయి. పన్నెండో రోజున కూడా అవి ఎర్రగానే ఉండడంతో ఆయన సమీక్షా సమావేశం పెట్టి డాక్టర్ వైదేహిని పిలిపించారు.

"డాక్టరుగారూ, గడ్డ ఉన్నదా, లేదా?"

"ఉందండి."

"హానికరమా, కాదా?"

"బహుశా కాదు."

"ప్రభుత్వంలో బహుశా లేదు."

"శరీరంలో ఉందండి."

విశ్వంభరరావు ఫైలు తిరగేశారు. "ఆరు నెలల పాటు ఏ చర్యా తీసుకోకుండా ఉంటామని మీరు లిఖితపూర్వకంగా రాశారు."

"చర్య తీసుకుంటున్నామండి. చూస్తున్నాం."

"చూడడం చర్య కిందికి రాదు. చూసి ముగించడం చర్య." ఆయన కళ్లద్దాలు తీశారు. "పోనీ, తొంభై ఎనిమిది శాతం మందికి ఏమీ కాదని మీరే రాశారు. అంటే తొంభై ఎనిమిది శాతం పరిష్కారమైనట్టే కదా. మిగతా రెండు శాతం మంది పేర్లు ఇవ్వండి. వారిని మాత్రం పెండింగులో ఉంచుదాం. నేను పైవాళ్లకు చెప్పుకుంటాను."

"ఆ రెండు శాతం ఎవరో తెలియకనే కదండీ, అందరినీ రమ్మంటున్నది."

"తెలియకపోవడం మీ శాఖాపరమైన లోపం. దానికి అర్జీదారులు ఇరవై ఒక్క రోజులు దాటి ఎందుకు వేచి ఉండాలి?"

సమావేశం మినిట్స్‌లో ఇలా నమోదైంది: 'వైద్యాధికారి నిర్దిష్ట అభిప్రాయము తెలుపనందున, సదరు 311 అర్జీలను క్షేత్రస్థాయి పరిశీలన ద్వారా ముగించవలెనని తీర్మానించడమైనది.'

క్షేత్రస్థాయి పరిశీలన అంటే వీఆర్‌ఓ. దమయంతి ఊరి వీఆర్‌ఓ సనపల తవిటయ్య. ముప్పై ఏళ్లుగా భూములు, సరిహద్దులు, తుపాను నష్టాలు చూస్తున్న మనిషి. ఇరవై ఒకటో రోజున, ఏప్రిల్ 30న, అతను సైకిలు దిగి దమయంతి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను తీసి తెరచి చూసుకున్నాడు. మళ్లీ మూశాడు.

"ఏటి తవిటయ్య బాబూ, అలాగ సెమటలు పోసుకుంటన్నావు? మంచినీల్లు ఇమ్మంటావా?"

"ఇయ్యప్పా." అక్కను అప్పా అనడం అక్కడి పలుకు. నీళ్లు తాగాడు. "నీ అర్జీ పరిశీలనకొచ్చినాను."

"నాను అర్జీ ఎక్కడెట్టినాను?"

"ఆసుపత్రోల్లు ఎట్టినారు. గడ్డ గురించి."

"గడ్డ గురించి నువ్వొచ్చినావా?"

"ఆర్డరు." తవిటయ్య ఫోను చూసి చదివాడు. "సమస్య స్వభావం. రోడ్డు, కాలవ, భూమి, పింఛను, ఇతరములు. ఇతరములు నొక్కుతన్నాను. సమస్య గల స్థలం సరిహద్దులు. తూర్పు?"

"ఏటికి తూర్పు?"

"ఇంటికే అప్పా, ఇంటికే. తూర్పు బొడ్డేపల్లోల్ల ఇల్లు. పడమర పంచాయితీ కుళాయి. ఉత్తరం రోడ్డు. దచ్చినం నీ పెరడు." ఆ తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు.

"సదువు."

"సమస్య గల స్థలం ఫొటో. పరిష్కారానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి."

దమయంతి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తవిటయ్య వేసి ఉన్న తలుపును ఫొటో తీశాడు. తర్వాత బతిమాలాడు. "అప్పా, నాకూ ఉద్యోగమే కదా. ఒక్క పాలి తలుపు తియ్యి. నిన్ను తియ్యను. తలుపే తీత్తాను."

దమయంతి తలుపు తెరిచి పక్కకు తప్పుకుంది. తవిటయ్య తెరిచిన తలుపును ఫొటో తీశాడు.

మొదటి ఫొటోలో తలుపు మూసి ఉంది. రెండో ఫొటోలో తెరిచి ఉంది. సాఫ్ట్‌వేర్ రెండింటికీ తేడా గుర్తించి, పురోగతి ఉన్నట్టు నిర్ధారించి, ఫైలును పచ్చగా మార్చింది. జిల్లాలోని మిగతా వీఆర్‌ఓలకు తవిటయ్య పద్ధతిని నమూనాగా పంపారు. ఆ వారంలో 311 ఇళ్ల తలుపులు ముగిసిపోయాయి.

వ్యవస్థలో చివరి మెట్టు సంతృప్తి. ముగిసిన ఫైళ్లకు గురువారం పదకొండు గంటలకు ఫోను వస్తుంది. మే 3న షెడ్డులో దమయంతి ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు మాట్లాడింది.

"నమస్కారం. మీ గడ్డ సమస్య పరిష్కరించబడినది. మీరు సంతృప్తి చెందినట్లయితే ఒకటి నొక్కండి. చెందనట్లయితే రెండు నొక్కండి."

దమయంతి రెండు నొక్కింది.

రెండు నొక్కినవారి ఫైలు మళ్లీ ఎర్రగా మారుతుంది. వీఆర్‌ఓ సోమవారంలోగా వెళ్లి, ఫొటోలు తీసి, పచ్చగా మార్చాలి. గురువారం మళ్లీ ఫోను వస్తుంది. తవిటయ్య మే 7న వచ్చాడు. 14న వచ్చాడు. 21న వచ్చాడు. ప్రతి గురువారం దమయంతి రెండు నొక్కింది. ప్రతి సోమవారం తవిటయ్య తలుపు ఫొటో తీశాడు. జూన్ వచ్చేసరికి అతను గుమ్మంలోకి రాకముందే ఆమె తలుపు వేసి, తీసి, టీ పెట్టేది.

"ఒకటి నొక్కేయరాదేటప్పా? నాకీ తిరుగుడు తప్పుతాది."

"పరిష్కారం అయిందేటి?"

"పచ్చ అయింది కదా."

"ఫైలు పచ్చయితే గడ్డకి తెలుస్తాదేటి?"

"మా ఇంటిదానికి కూడా నీలాటి కార్డే ఇచ్చినారు. మొదటి గురువారమే అయిపోనాది."

"దాలమ్మ ఒకటి నొక్కిందా?"

"ఫోను నంబరు నాది కదప్పా. నానే నొక్కీసినాను. నా పైలు నానే ఎర్రగా ఉంచుకుంటానేటి?"

ఆగస్టులో లెక్క తేలింది. 311 మందిలో 310 మంది సంతృప్తి చెందారు. జిల్లా సంతృప్తి 99.68 శాతం. పక్క జిల్లాది 99.70. మొదటి స్థానానికి, జిల్లాకు మధ్య దమయంతి వేలు ఉంది.

మొదట తహసీల్దారు వచ్చి వెళ్లారు. తర్వాత 'సంతృప్తి అవగాహన బృందం' వచ్చి కరపత్రం ఇచ్చి వెళ్లింది. ఆగస్టు 23న విశ్వంభరరావు స్వయంగా బట్టీ షెడ్డుకు వచ్చారు. దమయంతి పనిలో ఉంది. ఆయనకు స్టూలు వేశారు.

"అమ్మా, మీ అసంతృప్తికి మూలకారణమేమిటి?"

"నాకేటీ అసంతృప్తి లేదు బాబూ. అక్టోబరు తొమ్మిదికి బొమ్మ తియ్యమంటన్నాను. అంతే."

"మీ ఫైలు ముగిసింది. ముగిసిన ఫైలుకు పరీక్ష చేయడం నిబంధనలకు విరుద్ధం."

"అయితే తెరవండి."

"తెరిస్తే పెండింగు అవుతుంది."

దమయంతి చేతులు ఆగలేదు. ఆమె ముందు మూడు కుప్పలు ఉన్నాయి. విశ్వంభరరావు వాటిని చూశారు. తనిఖీ ఆయనకు అలవాటు.

"ఇవేమిటి?"

"ఇయి గుండ్లు. ఇయి బద్దలు."

"ఆ మూడోది?"

"అయి ఇప్పుడే తెల్దు. సందేళ మళ్లీ సూడాల."

"ఇప్పుడే ఎందుకు తేల్చరు?"

"తడి మీదుంటే తెల్దు బాబూ. ఆరితే మచ్చ తేల్తాది. కొన్నిటికి తేల్తాది, సానా వాటికి తేల్దు. మంచియి మంచి కుప్పలోకి పోతాయి."

"ఇంత జాప్యం మీ యజమాని సహిస్తాడా?"

"ఆ కుప్ప సూడకుండా మంచి దాంట్లో కలిపేత్తే పనిలోంచి తీసేత్తాడు."

పక్కన ఏరుతున్న ఆడవాళ్లు నవ్వారు. విశ్వంభరరావు లేచారు. ఒకటి నొక్కితే జిల్లా స్థాయి సభలో శాలువా కప్పుతామని చెప్పారు. దమయంతి ఆగస్టులో శాలువా ఎందుకని అడిగింది. ఆయన తన పర్యటన నివేదికలో 'అర్జీదారు అసంతృప్తి స్వభావసిద్ధమైనది' అని రాశారు.

అక్టోబరు 8న తవిటయ్య ఇరవై నాలుగోసారి తలుపు ఫొటో తీశాడు. అక్టోబరు 9న, మంగళవారం, దమయంతి కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. స్కానింగ్ గదిలో టెక్నీషియన్ ఆమె నంబరు కొట్టి తల అడ్డంగా ఊపాడు.

"నీ ఫైలు పచ్చగా ఉందమ్మా. మిషను తీసుకోదు."

"కార్డు మీద డాక్టరమ్మే రాసింది. ఈ రోజే."

"కార్డు కరెక్టే. ఫైలు ఎర్రగా ఉంటేనే మిషను నంబరు తీసుకుంటాది. నేనేం చెయ్యను?"

వైదేహి గదిలోంచి వచ్చి చూశారు. ఫైళ్లు తెరవమని ఆమె ఉదయం నుంచి పైవాళ్లకు ఫోను చేస్తున్నారు. ఆ వారం కార్డులు పట్టుకుని పదకొండు మంది వచ్చి, పచ్చగా ఉన్నందున తిరిగి వెళ్లారు. మిగతావాళ్లు రానే లేదు. సమస్య పరిష్కారమైందని వాళ్లకు సందేశం వచ్చింది.

"నాది గురువారం ఎర్రగవుతాదమ్మా" అంది దమయంతి.

వైదేహి ఆమె వైపు చూశారు. "ఎలా?"

"రెండు నొక్కుతాను కదా."

అక్టోబరు 11న, గురువారం, దమయంతి స్కానింగ్ గది ముందు బల్ల మీద కూర్చుంది. పదకొండు గంటలకు ఫోను మోగింది. రెండు నొక్కింది. గదిలోంచి టెక్నీషియన్ కేక వేశాడు. "ఎర్రగయింది! బేగి రా!"

గడ్డ తొమ్మిది మిల్లీమీటర్లే ఉంది. అంచులు నున్నగానే ఉన్నాయి. వైదేహి కొత్త కార్డు మీద 'ఏప్రిల్ 9' అని రాశారు.

"మంచి వార్తే. కానీ మళ్లీ రావాలి. నీకు తెలుసుగా."

"మూడో కుప్పే కదమ్మా. తెలుసు."

సోమవారం తవిటయ్య వచ్చాడు. దమయంతి తలుపు వేసి, తీసి, టీ ఇచ్చి, కొత్త కాగితం చూపించింది. తవిటయ్య కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. ఈ ఆరు నెలల్లో ఆ ఫైలుకు సంబంధించి అతను చదివిన మొదటి కాగితం అదే.

"తొమ్మిది. అప్పుడూ తొమ్మిదే."

"దాలమ్మకి ఎంత?"

"ఎనిమిదో ఏదో."

"ఇప్పుడెంత?"

తవిటయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఫొటోలు పంపడం మరిచిపోయి సైకిలెక్కాడు.

దాలమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నలభై నాలుగేళ్ల మనిషి. తవిటయ్య అడిగాడు.

"గడ్డ ఎలాగుంది?"

"ఏ గడ్డ?"

"ఆసుపత్రిలో సెప్పిన గడ్డ."

"ఆగస్టులోనే కాస్త గట్టిగా తగిలినాది. పెరిగినట్టనిపించింది."

"నాకు సెప్పలేదేటి?"

దాలమ్మ చీర దండెం మీద వేసి క్లిప్పు పెట్టింది. "అయిపోనాదని నువ్వే సెప్పినావు కదా. గవర్నమెంటోడివి."

ఆ రాత్రి తవిటయ్య నియమావళి పుస్తకం తీశాడు. 47వ పేజీలో దొరికింది. సంతృప్తి చెందిన అర్జీదారుకు మళ్లీ ఫోను రాదు. కానీ 'ముందు ప్రకటించిన సంతృప్తిని ఉపసంహరించుకొనదలచినవారు' నిర్ణీత నమూనాలో మూడు ప్రతులు, కారణాలతో సహా, ఫైలును ముగించిన అధికారికి సమర్పించుకోవాలి. సదరు అధికారి అర్జీదారును విచారించి, స్థలాన్ని పరిశీలించి, ఫొటో తీసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో పంచనామా రాసి, ఫైలును తిరిగి తెరవవచ్చు. అప్పటిదాకా ఎవరూ ఈ నిబంధనను వాడలేదు.

దాలమ్మ ఫైలును ముగించిన అధికారి తవిటయ్య. సంతృప్తి ప్రకటించిన ఫోను నంబరు తవిటయ్యది. మరునాడు ఉదయం దాలమ్మ చేత సంతకం పెట్టించి, మూడు ప్రతులు తీసుకుని తవిటయ్య తన కార్యాలయానికి వెళ్లాడు. వాటిని తనకే సమర్పించుకున్నాడు. రసీదు రాసుకున్నాడు. తనకు తాను నోటీసు ఇచ్చుకుని పది గంటలకు ఇంటికి వచ్చాడు. తన ఇంటి తలుపు మూసి ఫొటో తీశాడు, తెరిచి ఫొటో తీశాడు. తర్వాత అరుగు మీద కూర్చుని విచారణ జరిపాడు. సాక్షులుగా దమయంతి, పొరుగింటి మనిషి కూర్చున్నారు.

"ఒకటి నొక్కినది ఎవరు?" అని తవిటయ్య చదివాడు.



"ఎవరని అడుగుతన్నావు బాబూ?" అంది దమయంతి.

"నన్నే" అన్నాడు తవిటయ్య. 'నేనే' అని రాశాడు.

"కారణం?"

ఆ గడిలో అతను చివరికి 'పచ్చగా ఉండవలెనని' అని రాసి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫైలు ఎర్రగా మారింది. జిల్లా చరిత్రలో ఒక అర్జీ ఇంత వేగంగా విచారణ పూర్తి చేసుకోవడం అదే మొదలు.

దాలమ్మ గడ్డ పదమూడు మిల్లీమీటర్లు ఉంది. ఒక పక్క అంచు నున్నగా లేదు. వైదేహి ఆ రోజే సూది పరీక్ష చేశారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్. చంకలోకి పాకలేదు. నవంబరు మొదటి వారంలో విశాఖలో ఆపరేషన్ చేశారు. గడ్డను, చుట్టూ కొంత భాగాన్ని తీసేశారు. ఇంకో ఆరు నెలలు ఆలస్యమైతే ఏమయ్యేదని తవిటయ్య అడిగాడు. సర్జన్ ఆ లెక్క చెప్పలేదు. ఇప్పుడే వచ్చారు కదా, అది చాలు అన్నాడు.

తవిటయ్య సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి బల్ల మీద మెమో ఉంది. 'మీరు స్వయముగా ముగించి, స్వయముగా సంతృప్తి ప్రకటించిన అర్జీపై మీరే అసంతృప్తి చెందుటకు గల కారణములను మూడు రోజులలోగా తెలుపవలెను. సదరు చర్య వలన జిల్లా శాతము 99.36కు పడిపోయినదని గమనించవలెను.'

తవిటయ్య తన సర్వీసులో ఎన్నో మెమోలకు జవాబులు రాశాడు. అన్నీ రెండేసి పేజీలు. ఈ జవాబు రెండు వాక్యాలు.

'నొక్కినది నా వేలు. గడ్డ నా భార్యది.'

ఆ తర్వాత అతను చేసిన పని ఒక్కటే. ఉపసంహరణ పత్రం నమూనాను పేరు, నంబరు, సంతకం మాత్రం నింపితే సరిపోయేలా రాసి, జిరాక్సులు తీయించి, దమయంతికి ఒక కట్ట ఇచ్చాడు. దమయంతి దాన్ని షెడ్డుకు తీసుకెళ్లింది. షెడ్డు నుంచి అవి ఇంకో షెడ్డుకు వెళ్లాయి. ఫోను నంబరు మొగుడిదైన ఆడవాళ్లు ఇంటికి వెళ్లి, ఎవరు నొక్కారో అడిగారు. జిల్లాలో ఆ వారం చాలా ఇళ్లలో విచారణలు జరిగాయి.

నవంబరు చివరికి 274 మంది తమ సంతృప్తిని ఉపసంహరించుకున్నారు. ఫైళ్లు ఎర్రగా ఉన్న వారం రోజుల్లో వైదేహి ఉదయం ఆరు గంటల నుంచి స్కానింగులు చేసి, కొత్త కార్డుల మీద ఏప్రిల్ తేదీలు రాశారు. మిగతా ముప్పై ఆరు మంది ఇళ్లకు తవిటయ్య, దమయంతి ఆదివారాలు తిరిగారు.

జిల్లా ఇరవై మూడో స్థానానికి పడిపోయింది. ఫైళ్లన్నీ మళ్లీ పచ్చబడ్డాయి. ఏప్రిల్ తేదీలు దగ్గర పడుతుండగా, మార్చిలో మళ్లీ ఎర్రబడసాగాయి.

విశ్వంభరరావు గ్రాఫు గీయించారు. పోయిన ఏప్రిల్‌లో ఒక శిఖరం, నవంబరులో ఒక శిఖరం, మధ్యలో లోయ. ఆయన ముగ్గురు సభ్యులతో నిపుణుల సంఘం వేశారు. సంఘంలో ఒకరు గణాంకాల ఆచార్యులు, ఒకరు వాతావరణ శాస్త్రవేత్త, ఒకరు ప్రజాసంబంధాల అధికారి. వారు అర్జీదారులను కలవలేదు. గ్రాఫును పద్దెనిమిది రోజులు పరిశీలించారు. నివేదిక ముగింపు ఇది: 'మహిళలలో అసంతృప్తి ఋతుసంబంధమైనది. ఋతువు మారునపుడు ఉధృతమై, తదుపరి దానంతటదే శమించును. ఏప్రిల్ మాసపు అసంతృప్తికి ఎండ కారణమని భావించడమైనది. అర్జీదారులకు మజ్జిగ సరఫరా చేయవలెను.'

సిఫారసును వెంటనే ఆమోదించారు. ఏప్రిల్ 9న జిల్లా ఆసుపత్రి ముందు పందిరి వేశారు. 'అసంతృప్తి నివారణ చలివేంద్రం' అని బ్యానర్ కట్టారు. విశ్వంభరరావు ప్రారంభించి, స్వయంగా గ్లాసులు అందించారు. ఫొటోగ్రాఫరు పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్లు తొమ్మిది గంటలకే వచ్చారు. చేతుల్లో కార్డులు ఉన్నాయి. మజ్జిగ తాగి, గ్లాసు పెట్టి, మెట్లెక్కి స్కానింగ్ గది ముందు వరుసలో నిలబడుతున్నారు. ఒకటి నుంచి 311 దాకా నంబర్లలో అప్పటికి ఐదుగురికి క్యాన్సరని తేలింది. నూటికి ఇద్దరికంటే తక్కువ. వైదేహి ముందే చెప్పిన లెక్క. ఐదుగురూ వైద్యంలో ఉన్నారు.

దాలమ్మ కూడా వచ్చింది. నెత్తిన గుడ్డ కట్టుకుంది. తవిటయ్య ఆమె సంచి పట్టుకుని వెనక నిలబడ్డాడు. ఫోను మాత్రం దాలమ్మ చేతిలో ఉంది. నంబరు ఇప్పుడు ఆమెది.

దమయంతి వంతు వచ్చింది. విశ్వంభరరావు ఆమెను గుర్తుపట్టారు. గ్లాసు నిండా పోసి ఇచ్చారు. ఆమె పందిరి నీడలో నిలబడి, ఆగి ఆగి తాగింది. అందులో కరివేపాకు, అల్లం వేశారు.

"ఎలా ఉందమ్మా?" అని విశ్వంభరరావు అడిగారు.

"సల్లగుంది బాబూ. బాగుంది."

విశ్వంభరరావు ఫొటోగ్రాఫరు వైపు చూసి, మళ్లీ దమయంతి వైపు తిరిగారు. "అయితే ఇప్పుడు సంతృప్తేనా?"

దమయంతి గ్లాసు కడిగి బోర్లించింది. కార్డు తీసి చేత్తో పట్టుకుంది.

"లోపలికెల్లొచ్చి సెప్తాను" అంది.